పది గంటల డోసు

నర్సింగ్ పూర్తిచేసి, రేపో మాపో మిలట్రీ అబ్బాయిని చేసుకోబోయే పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. అప్పుడప్పుడూ వచ్చి అడుగుతుంటారు, "ఆంటీ, ఆయనకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడ నాకు పని దొరుకుతుందా?" అని. దొరుకుతుంది తల్లీ, నిక్షేపంగా దొరుకుతుంది. నర్సుకు పని లేని ఊరు ఈ దేశంలో లేదు. నా దిగులంతా మీ పని గురించి కాదు, మీ నెంబరు గురించి.

మీకు తెలియనిదేం కాదు గానీ, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఏ రాష్ట్రంలో నర్సుగా పనిచెయ్యాలంటే ఆ రాష్ట్రం కౌన్సిల్లో పేరు నమోదై, ఒక రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి. రాష్ట్రం మారితే ఇక్కడ పేరు తీయించుకుని, ఎన్వోసీ అనే కాగితం పుచ్చుకుని, అక్కడ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పాత నెంబరు పోయి కొత్త నెంబరు వచ్చేలోపు మనం ఎవరికీ నర్సులం కాము. అనుభవం ఎంత ఉన్నా, చేతిలో ఎంత నేర్పున్నా, ఆ నాలుగైదు నెలలు చట్టం దృష్టిలో మనం పేషెంటు పక్కన కూర్చునే చుట్టంతో సమానం.

నేను గురజాల దగ్గర పల్లెలో పుట్టి, గుంటూరులో చదివి, పెళ్లయ్యాక మిలట్రీలో ఉన్న మా ఆయన వెంట దేశం పట్టుకు తిరిగాను. ముందు ఒక ఎడారి రాష్ట్రం, తర్వాత ఒక కొండ రాష్ట్రం. ఆర్డరు చేతికొచ్చిన పది రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కొత్త ఊళ్లో ముందు పాప స్కూలు, తర్వాత గ్యాసు, ఆ తర్వాత పాలవాడు, అన్నీ అయ్యాక నా కాగితం. ఈ వరస ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను. ఆడదాని ఉద్యోగం ఎప్పుడూ వరసలో చివరనే నిలబడాలని ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు!

మూడోసారి ఆయన్ను సరిహద్దుకు వేశారు. కుటుంబాలు వెళ్లడానికి వీల్లేని చోటు. నేను ఏడో తరగతి చదివే పాపను తీసుకుని నరసరావుపేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కొండ రాష్ట్రం వాళ్లు పద్ధతిగా నా పేరు తీసేసి ఎన్వోసీ ఇచ్చి పంపారు. అది ఆర్నెల్లే చెల్లుతుంది. నేను దాన్ని నల్ల ట్రంకులో స్వెట్టర్ల కింద పెట్టి, ఇంటి పనుల్లో పడి మర్చిపోయాను. గుర్తొచ్చి తీసేసరికి గడువు దాటి మూడు వారాలు. ఆ రోజు ట్రంకును తిట్టాను, మా ఆయన్ను తిట్టాను, చివరికి స్వెట్టర్లను కూడా తిట్టాను. కొత్త ఎన్వోసీ కోసం మళ్లీ మొదటినుంచీ రాసుకోవాల్సి వచ్చింది.

ఈలోపు ఊళ్లో ఒక కాన్పుల ఆస్పత్రిలో చేరాను. ఇరవై మంచాల ఆస్పత్రి. డాక్టరమ్మ నా సర్టిఫికెట్లు తిరగేసి అంది, "పేపర్లు వస్తాయిలేమ్మా. ఈలోపు చెయ్యి. సంతకాలు మాత్రం పెట్టొద్దు." సూది వెయ్యొచ్చు గానీ సంతకం పెట్టకూడదు. ఆ మాటలో ఉన్న తప్పు ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడకు మనిషి కావాలి, నాకు పని కావాలి. ఇద్దరం తెలియనట్టు తలలూపుకున్నాం.

నా బదులు సంతకాలు పెట్టింది పెద్ద సిస్టరు. వినుకొండ నుంచి రోజూ పొద్దున్నే రైల్లో వచ్చేది. నోరు మహా దురుసు. మనసు మాత్రం వెన్న. మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి, "ఏమే పిల్లా, నువ్వు ఏసిన ప్రతి సూదీ ఒక ప్లాస్టర్ ముక్క మీద టైముతో రాసి మంచం కడ్డీకి అంటించు. నేనొచ్చి చూసి, కేస్ షీట్‌లో ఎక్కించి, సంతకం పెట్టి, పీకేస్తా. మర్చిపోయావో, చంపుతా" అంది. ఐదు నెలలు అలాగే నడిచింది. రాసేది నేను, సంతకం ఆవిడది. ఒక్క పొరపాటు లేదు. పొరపాటు లేకపోవడమే మా కొంప ముంచింది. ఇది పొరపాటు పద్ధతని మర్చిపోయాం.

మధ్యలో మరో ఘనకార్యం చేశాను. మన కౌన్సిల్‌కు పెట్టే దరఖాస్తుతో ఒక అఫిడవిట్ జతచెయ్యాలి. పాత పేరు తీసేసినప్పటినుంచి ఇప్పటిదాకా ఎక్కడా నర్సుగా పనిచెయ్యలేదని ప్రమాణం. మధ్యాహ్నం భోజనాల వేళ యూనిఫాం మీద చున్నీ కప్పుకుని కోర్టు దగ్గరికి వెళ్లి, నోటరీ ముందు సంతకం పెట్టి, పరుగున వచ్చి మళ్లీ డ్యూటీలో నిలబడ్డాను. ఆ నోటరీ నా తెల్ల ప్యాంటు వంక చూశాడు. చూసి కూడా స్టాంపు గుద్దాడు. తప్పుడు ప్రమాణమని తేలితే నాకు ఈ జన్మలో, ఏ రాష్ట్రంలోనూ నెంబరు రాదంటారు. అంత తెలిసీ పెట్టాను.

ఆ రోజు సంగతికొస్తాను. మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలో పనిచేసే ఒకామె తెల్లవారుజామున కూతుర్ని ఆటోలో వేసుకుని తెచ్చింది. తొలి చూలు, ఎనిమిదో నెల, బీపీ పెరిగి ఫిట్సు. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఫిట్సు ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. ఆరింటికి డాక్టరమ్మ పెద్ద డోసు ఇచ్చి, ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. పిట్టంత ఆడపిల్ల, అయినా కేరుమంది. తల్లికి మాత్రం అదే మందు నాలుగు గంటలకోసారి, ఒకసారి ఎడమ తుంటికి, ఒకసారి కుడి తుంటికి వెయ్యాలి. అది ప్రాణం నిలబెట్టే మందే. కాస్త ఎక్కువైతే ముందు మోకాలి కదలిక పోతుంది, తర్వాత ఊపిరి పోతుంది. మూత్రం సరిగా రాకపోతే ఇంకా ప్రమాదం, మందు ఒంట్లోనే నిలిచిపోతుంది.

పెద్ద సిస్టరు డాక్టరమ్మతో మరో ఆపరేషన్‌లో ఉంది. సరిగ్గా పదింటికి అన్నీ చూసుకుని ఎడమ వైపు డోసు నేనే వేశాను. ప్లాస్టర్ మీద "10, ఎడమ" అని రాసి కడ్డీకి అంటించాను. పావుగంటకు హాల్లో జనం ఎక్కువయ్యారు. ఫిట్సు పేషెంటుకు వెలుతురూ చప్పుడూ ఉండకూడదు. ఆ పిల్లను ఆయా, నేను కలిసి లోపలి గదిలో వేరే మంచం మీదికి మార్చాం. మోసేటప్పుడు బరువని ఆయా మూత్రం సంచి కొలవకుండానే పారబోసింది. చూశాను, సర్లే అనుకున్నాను. ప్లాస్టర్ ముక్క పాత మంచానికే ఉండిపోయింది. అది నాకు తట్టనే లేదు. అప్పుడే కింద సెలైన్లు పెట్టడానికి రమ్మని కేక వేస్తే వెళ్లిపోయాను.

పన్నెండు కావస్తుండగా పైకొచ్చాను. గది చీకటిగా ఉంది. తల్లి కూతురి పక్కన కూర్చుని కొంగుతో విసురుతోంది.

"నిద్రపోతందమ్మా. తెల్లారగట్ట నించీ చానా అవస్థ పడింది. లేపమాక" అంది నెమ్మదిగా.

నిద్ర కాదది. ఛాతీ లేచి పడేదానికీ, మళ్లీ లేచేదానికీ మధ్య ఎంతో ఎడం. వాచీ పట్టుకుని చూశాను. నిమిషానికి ఎనిమిది. దుప్పటి తీసి మోకాలి కింద తట్టాను. కాలు కదల్లేదు. రెండో కాలు, అదీ అంతే. కేస్ షీట్ తీశాను. పదింటి గడి ఖాళీగా ఉంది. దాని కింద "11, కుడి" అని పెద్ద సిస్టరు చేతిరాత, సంతకం. ఆవిడ ఆపరేషన్ నుంచి వచ్చి, గడి ఖాళీగా ఉండటం చూసి, కొత్త మంచానికి ప్లాస్టర్ లేకపోవడం చూసి, డోసు తప్పిపోయిందనుకుంది. గంటలో రెండు డోసులు పడ్డాయి.

డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. వెనకే పెద్ద సిస్టరు వచ్చింది. డాక్టరమ్మ కళ్లలో టార్చి వేసి, బీపీ చూసి, ముఖం గంభీరంగా పెట్టింది.

"మెగ్నీషియం టైముకే పడిందా?"

"ఆరింటికి మీరిచ్చింది, మళ్లీ పదకొండుకి నేనేశా మేడమ్. గంట లేటు" అంది పెద్ద సిస్టరు.

డాక్టరమ్మ షీటు చూసింది. షీటు ప్రకారం మందు ఎక్కువ కాలేదు, నిజానికి తక్కువే పడింది. "అయితే ఇది మందు వల్ల కాదు. బీపీకి తలలో నరం చిట్లినట్టుంది. మన చేతుల్లో లేదు. గుంటూరు పంపిద్దాం, అంబులెన్స్ తెప్పించండి" అంది. ఆక్సిజన్ పెట్టింది.

నేను మంచానికి ఇవతల నిలబడి ఉన్నాను. చెప్పాల్సింది ఒక్క ముక్క. చెబితే, సంతకం లేని సూది ఎవరు వేశారంటారు. నేనంటే, నీ నెంబరేదంటారు. కోర్టు దగ్గర గుద్దిన స్టాంపు కళ్ల ముందు కనపడింది. పద్దెనిమిదేళ్లు మూడు రాష్ట్రాల్లో నిలబెట్టుకున్న పని, సరిహద్దులో ఉన్న మొగుడు, స్కూల్లో ఉన్న పిల్ల, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఎంత పాడుబుద్ధో చూడండి, గుంటూరులో పెద్ద డాక్టర్లు రక్తపరీక్ష చేసి వాళ్లే కనుక్కుంటారులే అని కూడా అనుకున్నాను. ఆ ఊపిరితో ఆ పిల్ల దారిలో ఫిరంగిపురం కూడా దాటదని నాకు తెలుసు. తెలిసే అలా అనుకున్నాను.

స్ట్రెచర్ వచ్చింది. గడప దగ్గర చక్రం తట్టుకుంటే వార్డుబాయ్ ఎత్తి లోపలికి లాగాడు. తల్లి లేచి కూతురి పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని నా వైపు తిరిగింది.

"అమ్మా, బండిలో నువ్వు కూడా రామ్మా. నీ చెయ్యి మంచిది. పొద్దున పదింటప్పుడు నువ్వు సూది ఏస్తే నా బిడ్డ ఉలిక్కి కూడా పడలా" అంది.

డాక్టరమ్మ తల తిప్పి నన్ను చూసింది. పెద్ద సిస్టరు చూసింది.

"మేడమ్, పదింటికి నేనొక డోసు వేశాను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. "మోకాళ్లు పోయాయి మేడమ్. మెగ్నీషియం ఎక్కువైంది."

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, అనే టైము లేదు. దీనికి విరుగుడు కాల్షియం. పెద్ద సిస్టరు ట్రే లాగి ఆంప్యూల్ విరిచింది. గాజు గుచ్చుకుని వేలినుంచి నెత్తురు కారుతున్నా సిరంజిలోకి ఎక్కించి నా చేతికిచ్చింది. అది గబగబా ఎక్కించకూడదు. గుండె ఆగుతుంది. పది నిమిషాలు పట్టాలి. గోడ గడియారం చూస్తూ చుక్క చుక్కగా నేను ఎక్కిస్తుంటే, డాక్టరమ్మ ముఖానికి మాస్కు పెట్టి బెలూను నొక్కుతూ ఊపిరి ఇచ్చింది. మూల నిలబడ్డ తల్లి, "ఏం చేశారమ్మా నా బిడ్డని? ఏం చేశారు?" అని అదే మాట అంటూనే ఉంది.

నిమిషానికి ఎనిమిదున్నది పది అయింది. పన్నెండు అయింది. ఒంటిగంట దాటాక ఆ పిల్ల కళ్లు తెరిచి, "మా, నీళ్లు" అంది. నేను గోడకు చేరగిలబడి ఏడ్చాను.

మూడింటికి డాక్టరమ్మ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి, కేస్ షీటూ పెన్నూ బల్ల మీద పెట్టింది. "పదింటి గడి నింపాలి. ఎవరు నింపుతారో మీరే తేల్చుకోండి" అని బయటికి వెళ్లిపోయింది. పెద్దవాళ్లు అలాంటప్పుడు బయటికే వెళతారు.

పెద్ద సిస్టరు పెన్ను తీసుకుంది. "రెండూ నేనే ఏశా, మతిమరుపని రాస్తా. నా నెంబరు ఇరవై ఏళ్ల నాటిది, తట్టుకుంటుంది. నీదింకా పుట్టనే లా. నోరు మూసుకోని కూచో."

"వద్దక్కా."

"ఏంది వద్దు? పిల్లనేసుకోని రోడ్డున పడతావా?"

ఆవిడ చేతిలోంచి పెన్ను లాక్కుని పదింటి గడిలో నా పేరు మొత్తం రాశాను. నెంబరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. నేనేదో గొప్ప పని చేశాననుకున్నాను. ఆవిడ షీటు వంక, నా వంక చూసి, "ఎర్రిమొహమా! నీతోపాటు నన్నూ ముంచావు గదే. ఐదు నెలల సంతకాలు ఎవరివే?" అంది. అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు. నిజం చెప్పేవాళ్లకు పక్కవాళ్లు కనపడరు, ఇది గుర్తుపెట్టుకోండి.

మర్నాటినుంచి నన్ను రావద్దన్నారు. నెల తిరక్కుండా ఆవిడా మానేసింది. నేను తప్పుడు ప్రమాణం చేశానని, డోసు రెండుసార్లు పడిందని కౌన్సిల్‌కు నా చేత్తో ఉత్తరం రాసి పంపాను. ఆదివారం ఫోన్ కలిసినప్పుడు మా ఆయనకు చెప్పాను. "పోస్టులో వేసేశావా?" అన్నాడు. వేశానన్నాను. "అయితే ఇంక భయమెందుకు, నేనున్నాగా" అన్నాడు. ఉన్నాడు, రెండు వేల కిలోమీటర్ల అవతల! ఆ పిల్లను, పసిగుడ్డును పన్నెండో రోజు ఇంటికి పంపారని ఆయా చెప్పింది. ఆ తల్లి ఎదుటపడే ధైర్యం నాకు లేకపోయింది.

పదకొండు నెలలకు విచారణకు పిలుపొచ్చింది. బల్లకు అవతల ముగ్గురు పెద్దవాళ్లు. సాక్షిగా పెద్ద సిస్టరునూ రప్పించారు. అన్ని నెలల్లో మేం మాట్లాడుకోలేదు. బెంచీ మీద ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. నన్ను అడిగినవన్నీ అడిగి, ఆవిడను ఒక్కటే అడిగారు, "డోసు రెండుసార్లు పడిందని ఈమె గ్రహించాక, ఎంతసేపటికి చెప్పింది?"



"చూసిన వెంటనే చెప్పిందండీ" అంది ఆవిడ, రెప్పవెయ్యకుండా.

ముగ్గురిలో పెద్దాయన రాయించాడు. తప్పు జరిగినమాట నిజం, అయితే గ్రహించిన వెంటనే వైద్యురాలికి తెలిపి ప్రాణం కాపాడి, తప్పుడు ప్రమాణాన్ని తానే ఒప్పుకున్నందున, హెచ్చరికతో రిజిస్ట్రేషన్ మంజూరు చేయడమైనది. ఆవిడకూ ఒక హెచ్చరిక ఇచ్చారు. నేను నోరు తెరవలేదు. రెండోసారి కూడా తెరవలేదు.

మెట్ల దగ్గర ఆవిడను పట్టుకున్నాను. "అక్కా, వెంటనే కాదు గదా."

"నాకు తెలీదా? నీ ఎదురుంగా నిలబడింది నేనే గదటే" అంది చెప్పులు వేసుకుంటూ. "నీ మొహం పాలిపోవడం చూశా. ఏందో ఉందని తెలుసు. ఏందే అని అడగాల్సింది. అడగలా."

"ఎందుకడగలా?"

"నేనేసిన సూదేమోనని." ఆవిడ రెండో చెప్పు వేసుకుంది. "పద, రైలుకి టైమయితంది."

ఆ నెంబరుతో మరో పదేళ్లు పనిచేశాను. వేసిన ప్రతి సూదికీ నా సంతకమే పెట్టాను. మోకాళ్లు సహకరించక, పోయిన ఏడాది మానేశాను. వీడ్కోలు రోజున మైకు పట్టుకున్న వాళ్లంతా నా నిజాయితీని పొగిడారు. నేను దండ వేయించుకుని కూర్చున్నాను. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు గానీ, నేను సగమే చెప్పుకున్నాను. ఆ తల్లి ఆ మాట అనకపోయి ఉంటే నేను చెప్పేదాన్నా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అవునని చెప్పలేకపోతున్నాను.

నా సర్టిఫికెట్ వెనక ఉన్న విచారణ ఉత్తర్వు కాగితంలో "వెంటనే" అని ఉంది. డాక్టరమ్మ షీటు చూసిన దగ్గరనుంచి నేను నోరు తెరిచేదాకా ఆ పిల్ల ముప్పై ఒక్కసారి ఊపిరి తీసింది. అలవాటుకొద్దీ లెక్కపెడుతూనే నిలబడ్డాను.